డెన్‌హామ్ క్రాస్ ఆఖరి పేజీ

విమలకుమారి తడి దూదిపుల్లని పేజీ అంచుకి ఆనించి వెంటనే తీసేసింది. ఆ చుక్క నీటికే కాగితం తడిసిన అప్పడంలా మెత్తబడింది. ఇంకాస్త ఉంచితే చిరుగు ఖాయం.

ఆమె ఇంటి గరాజ్‌లో బల్ల మీద ఉన్నది ఎప్పుడో లండన్‌లో అచ్చయిన డిటెక్టివ్ కామిక్. అట్ట మీద డెన్‌హామ్ క్రాస్, పొడవాటి కోటు, చేతిలో లాంతరు, వెనక పొగమంచు. లోపలంతా బాగానే ఉంది. ఆఖరి రెండు పేజీలే ఒకదానికొకటి అతుక్కుపోయాయి. హంతకుడెవరో ఆ మధ్యలోనే ఉంది.

తెచ్చింది సుందర్ రాజ్. ఈ బాతెల్ ఊళ్లోనే తెలుగు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. చిన్నప్పుడు భీమవరంలో ఎవరో దొరసాని వదిలేసి వెళ్లిన పెట్టెలో దొరికిందట. అప్పట్నుంచీ అక్కతో తగువే. నర్సే చంపిందని అక్క ప్రిస్సిల్లా, కాదు మేనల్లుడేనని ఇతను. అక్క దేశం ఆ చివరనున్న పిస్కాటవే నుంచి వచ్చింది. రాత్రికి మళ్లీ ఫ్లైట్.

విమల ఈ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చర్చిలో పాటల పుస్తకాలు చిరిగితే మొదట సెలోటేపు వేసింది. కొన్నాళ్లకి టేపు పసుపెక్కి అక్షరాల్ని కూడా లాక్కుపోయింది. ఆ తర్వాతే మైదా జిగురు కాచడం, పల్చటి కాగితంతో అతుకు వేయడం, పాడుచేసుకుంటూ నేర్చుకుంది. వారమంతా ఆఫీసులో టెస్టింగ్, శనివారాలు ఈ బల్ల.

"ఏ జిగురో తెలీకుండా ముట్టుకోను బ్రదర్. గట్టి గమ్ అయితే నీళ్లకి రాదు. బలవంతం చేస్తే బొమ్మంతా ఊడొస్తుంది."

సుందర్ రాజ్ మొహం వాడిపోయింది. "అయితే వదిలేద్దామా సిస్టర్?"

"వదిలేస్తే నువ్వు ఓడినట్టేరా," అంది మడత కుర్చీలోంచి ప్రిస్సిల్లా. "అయినా గమ్ ఎక్కడిదమ్మా? మా అమ్మ అంటించింది. శవం బొమ్మ ఉందని, పిల్లలు చూడకూడదని. అన్నం వార్చి, నాలుగు మెతుకులు తీసి రుద్దేసింది. నేను పక్కనే ఉన్నా."

"అన్నమా!" విమల స్టూలు మీద కూలబడింది. నవ్వొచ్చేసింది. "ముందే చెప్పొద్దా అక్కా? నాకు ఊపిరాడలేదు."

"నన్ను అడిగితే కదా! వచ్చిన దగ్గర్నుంచీ వీడి సోదే విన్నావు."

బ్లాటింగ్ పేపర్ తడిపి, గట్టిగా పిండి, పేజీలకి పైనా కిందా పరిచి, మీద గాజు పలక పెట్టింది విమల. ముగ్గురూ టీ తాగారు. ఎండిన గంజి నెమ్మదిగా నానింది. అప్పుడు సన్నటి వెదురు బద్దని మూలలోంచి జొనిపి, లాగకుండా, కాగితం తనంతట వదిలిన మేరకే జరుపుకుంటూ పోయింది. ఒకచోట మెతుకు మొండికేసింది. అక్కడ మళ్లీ చెమ్మ అద్ది ఆగింది. అక్కాతమ్ముళ్లు బల్ల మీదకి వంగారు.

చివరి అంగుళం వదిలింది. చిరుగు లేదు. రంగు చెదరలేదు. విమల వెదురు బద్ద పక్కన పెట్టింది.

"ఎవరు సిస్టర్? మేనల్లుడేగా?"

"నేను చూసింది గంజి మరకలే బ్రదర్."

మరకలు తుడిచి, పొడి కాగితాల మధ్య ఆరబెట్టి, వెన్ను వదులైన చోట కుట్టు బిగించేసరికి సాయంత్రమైంది. కామిక్‌ని రెండు అట్టల మధ్య పెట్టి ప్రిస్సిల్లాకి అందించింది.

"మూల పట్టుకుని తిప్పండి అక్కా. వేలు తడి చేసుకోవద్దు."

ప్రిస్సిల్లా రెండు చేతులా అందుకుని, తమ్ముణ్ని పక్కకి పిలిచి, ఆఖరి పేజీ మూల పట్టుకుంది.