పదకొండు పగుళ్ళ విమానం

ఉదయం ఆరూ నలభైకి రిపోర్ట్ అయ్యాను. మోతీనగర్‌లో మా ఇంటి నుంచి స్కూటర్ మీద ఇరవై ఐదు నిమిషాలు. సన్నగా తుంపర. కిట్: గమ్ బూట్లు, రెయిన్‌కోటు, టార్చి, భూతద్దం, పనిముట్ల చుట్ట, ఎర్ర గ్రీజు పెన్సిల్, నోటుబుక్కు, మా ఆవిడ కట్టిచ్చిన చపాతీలు.

వాయుసేనలో ఇరవై ఎనిమిదేళ్ళు ఫిట్టర్‌గా చేశాను, వారెంట్ ఆఫీసరుగా రిటైరయ్యాను. ఇంజను నా పని కాదు. విమానం ఒళ్ళు నా పని: రెక్క, తోక, చక్రం, సీటు. ఎడారిలో చేశాను, మంచులో చేశాను. అవన్నీ ఎవరో ఒకరు పుస్తకాల్లో రాసే ఉంటారు. నేను చెప్పేది ఆఖరి డ్యూటీ గురించి. పెన్షన్ మొదలైన ఆరేళ్ళకి ఫోన్‌లో వచ్చిన ఆర్డరు అది. పోస్టింగ్ ఫిల్మ్‌నగర్. మా ఆవిడ వారం రోజులు నవ్వింది.

స్థలం చెబుతాను. ఫిల్మ్‌నగర్ వెనక, బండల వాలులో ఒక రేకుల షెడ్డు. అందులో చిన్న విమానాల మ్యూజియం. కట్టించింది ఒకప్పటి మా ఆఫీసరు. కొత్త పైలట్లకి మొదటి పాఠం చెప్పేవారు. ఆయన పోయాక తాళాలు ఆయన భార్య చేతికొచ్చాయి. అందరం మేడమ్ అనేవాళ్ళం. నాకు ఫోన్ చేసింది ఆవిడే. నేను వెళ్ళడానికి మూడు రోజుల ముందు కుండపోత కురిసింది. పై ప్లాటు ప్రహరీ కూలి, బండలూ మట్టీ కలిసి షెడ్డు మీద పడ్డాయి. గ్లైడర్ పుల్లలు పుల్లలైంది. అద్దాల బీరువాల్లోని ఫోటోలు, హెల్మెట్లు అన్నీ బురదలో. మధ్యలో పాత ట్రైనర్ విమానం, రెండు సీట్లది, ఒక చక్రం విరిగి పక్కకి ఒరిగి ఉంది.

మేడమ్ చీర కుచ్చిళ్ళు దోపుకొని మోకాళ్ళ లోతు బురదలో నిలబడి ఉంది.

“వారెంట్ గారూ, గ్లైడర్ పోతే పోయిందండీ,” అంది. “ఈ ట్రైనర్‌లో మాత్రం పిల్లలు మళ్ళీ ఎక్కి కూర్చోవాలి. వాళ్ళు కూర్చోకపోతే ఇది మ్యూజియం కాదు, బొమ్మల కొలువు. మీరు సంతకం పెట్టాకే ఎక్కిస్తాను.”

ఆర్డరు అంతే. పిల్లలు ఎక్కాలి. ఎక్కినా ఏమీ కాదని నేను సంతకం పెట్టాలి.

గేటుకి అట్ట కట్టాం: డబ్బు వద్దు, సామాన్లు కావాలి, చేతులు కావాలి. రెండో రోజు నుంచే జనం మొదలయ్యారు. టోలిచౌకి మెకానిక్ ఒకాయన రెండు హైడ్రాలిక్ జాకీలు దించి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మధురానగర్ నుంచి ముగ్గురు ఆడవాళ్ళు పాత నూలు చీరలు మూట కట్టుకొచ్చారు, తుడవడానికి వాటిని మించిన గుడ్డ లేదు. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్దింటి వాళ్ళు పాడైపోయిన ట్రెడ్‌మిల్ పంపారు. విరాళమంటే ఇల్లు ఖాళీ చేసుకోవడమని కూడా మనవాళ్ళకి ఒక అర్థం ఉంది. దాని మోటారు పీకి బురద నీళ్ళు తోడాం.

అసలు విరాళం సినిమావాళ్ళ నుంచి వచ్చింది. ఒక ప్రొడక్షన్ మేనేజరు క్రేను, నాలుగు వాకీటాకీలు పంపాడు. సెట్లు వేసేవాళ్ళు తొమ్మిదిమంది షూటింగ్ లేని రోజుల్లో వస్తామన్నారు. వాళ్ళకి పెద్ద మోల్డింగ్ మేస్త్రి. యాభై దాటిన మనిషి, వేళ్ళనిండా ఫైబర్ గాట్లు. థర్మోకోల్‌తో కోట కట్టమంటే కడతాడు, రాతిగోడ అనుకొని మీరు ఆనుకుంటారు.

డ్యూటీ టైము ఏడు నుంచి ఐదు. విమానాన్ని లేపిన రోజు వాకీటాకీలో మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి.

“సార్, తోక లేస్తున్నది. ఫికర్ చెయ్యకుండ్రి.” క్రేను దగ్గర లైట్‌మన్.

“ఎంత లేచింది? అంగుళాల్ల చెప్పు. ఓవర్.”

“జరంత సార్.”

ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరూ నాకు జరంత అని రిపోర్ట్ ఇవ్వలేదు. అయినా ఉదయం పదకొండుకి విమానం మూడు కాళ్ళ మీద నిలబడింది. అందరూ ఈలలేశారు. నేనూ వేశాను.

తరువాత రెండు రోజులు వెల్లకిలా పడుకొని కాక్‌పిట్ కింద భాగమంతా భూతద్దంతో చూశాను. సీట్లు మోసే చట్రంలో పగుళ్ళు. కొన్ని వెంట్రుకంత సన్నం. కనబడిన ప్రతిదాని చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టాను. పగులు ఆగాలంటే దాని కొసన చిన్న రంధ్రం వెయ్యాలి, పైన రేకు ముక్క పెట్టి రివెట్లు కొట్టాలి. నోటుబుక్కులో రాశాను: “పగుళ్ళు పదకొండు. గుర్తులు పెట్టడమైనది.” తెల్లారి రేకు, రివెట్ల కోసం బాలానగర్ వెళ్ళాను.

సాయంత్రం నాలుగూ ఇరవైకి తిరిగొచ్చేసరికి తొమ్మిదిమందీ వరసగా నిలబడి ఉన్నారు. అందరి మొహాల్లో నవ్వు. మేస్త్రి టార్చి నా చేతిలో పెట్టి, “కిందికి పోయి సూడుండ్రి సార్,” అన్నాడు.

దూరి చూశాను. ఒక్క ఎర్ర గుర్తు లేదు. ఒక్క పగులు లేదు. ఫైబర్ నింపి, లప్పం పెట్టి, సాన పట్టి, రంగు వేసి, ఆ రంగుని మళ్ళీ పాతదాన్ని చేశారు. చుట్టూ ఉన్న మట్టి మరక కూడా దించేశారు. ఎక్కడ ఏముండేదో నాకే తెలియలేదు.

“ఎవలు కప్పమన్నరు?” అన్నాను.

“మీరే గదా సార్. గుర్తు పెట్టిండ్రు.”

తరువాత అర్థమైంది. సెట్ పనిలో ఎక్కడైనా గుర్తు పెట్టారంటే, ఇది కెమెరాకి కనబడుతోంది, కప్పెయ్యమని. మా పనిలో గుర్తు పెట్టారంటే, ఇక్కడ చెయ్యి పెట్టొద్దని. తొమ్మిదిమంది నా మీద ప్రేమకొద్దీ ఒక రోజంతా నడుం వంచి చేసిన పని అది. అప్పుడు అదేమీ తోచలేదు. శివాలెత్తాను.

“మీ బతుకంత దొంగ పనే. జిందగీల ఒక్క అసలు వస్తువు ముట్టుకున్నరా?”

మేస్త్రి చెయ్యి తుడుచుకుంటున్న గుడ్డ మడతపెట్టాడు. “మా పని అబద్ధమే సార్. గాని సెట్టు కూలితె కింద ఉండేది మేమే,” అన్నాడు. వాకీటాకీ తీసి బల్ల మీద పెట్టాడు. “ప్యాకప్.” తొమ్మిదిమందీ వెళ్ళిపోయారు.

కాలు జారితే తీసుకోగలం కానీ నోరు జారితే తీసుకోలేం.

రెండు రోజులు ఒక్కణ్ణే పనిచేశాను. పని అంటే వెతకడం. రూపాయి బిళ్ళతో చట్రమంతా కొట్టుకుంటూ పోవాలి. గట్టి లోహం ఒకలా పలుకుతుంది, లప్పం నింపిన చోటు మొద్దుగా పలుకుతుంది. పలుకుతుంది సరే, వినేదెవరు? ఇంజన్ల పక్కన నిలబడి నిలబడి నా కుడి చెవి ఎప్పుడో పోయింది, ఎడమది సగం. నాకు అన్నీ ఒకేలా వినబడ్డాయి. రంగంతా గీకేద్దామంటే చట్రం లోపలి మూలలకి చెయ్యి పోదు.

రెండో రోజు మధ్యాహ్నం మేడమ్ టీ తెచ్చింది. నా నోటుబుక్కు బల్ల మీద తెరిచే ఉంది. ఆ పేజీ చదివి, “కోపం మేస్త్రి మీదా, దీని మీదా అండీ?” అంది.

దొరికిపోయాను. లోపం ఎక్కడుందో బొమ్మ గీసి, కొలతలతో రాయాలి. మొదటి సంవత్సరం కుర్రాళ్ళకి నేనే నేర్పేవాణ్ణి, రాయనిది లేనట్టేనని. ఇక్కడ అడిగేవాడు ఎవడులే అని పదకొండు అంకె ఒక్కటి వేసి ఊరుకున్నాను. ఆ సిగ్గంతా తొమ్మిదిమంది నెత్తిన దులిపాను.

“రేపట్నుంచి తాళం వేసుకోమంటారా?” అంది. గొంతులో నిష్ఠూరం లేదు. అదే ఎక్కువ బాధపెట్టింది.

నాలుగింటికి మేస్త్రి షెడ్డు వెతుక్కుంటూ వెళ్ళాను. రెండు గల్లీల అవతలే. థర్మోకోల్ స్తంభానికి నగిషీ చెక్కుతున్నాడు. నన్ను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు.

“మేస్త్రీ, తప్పు నాది,” అన్నాను. “గుర్తు పెట్టిన గాని బుక్కుల గియ్యలే. సప్పుడు వట్టి వెతుకుదామంటె నాకు చెవులు పనిచేస్తలెవ్వు. నీ చెవి కావాలె.”

కాసేపు చెక్కాడు. తరువాత, “ఆఖరికి చెవి సుత చందా అడుగుతున్నరా సార్?” అన్నాడు. పక్కనున్న పెయింటరు ఫక్కున నవ్వాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, థర్మోకోల్ నుసి అని చెప్పాను.

మర్నాడు ఏడింటికి తొమ్మిదిమందీ వచ్చారు. మేస్త్రి విమానం కింద దూరి వెల్లకిలా పడుకున్నాడు. పక్కనే నేను, నోటుబుక్కు, స్కేలు, పెన్సిలు. అతను బిళ్ళతో కొట్టడం, చెవి ఆనించడం, వేలు పెట్టడం. నేను కొలవడం, గియ్యడం. ఎనిమిదిన్నరకి ఆరు. తొమ్మిదింబావుకి తొమ్మిది. పదిన్నరకి పదకొండోది, వెనక సీటు కుడి మూల. నేను చేతులు దులుపుకొని బయటికొచ్చి టీ చెప్పాను.

మేస్త్రి బయటికి రాలేదు. బిళ్ళ చప్పుడు ఇంకా వినబడుతోందని పెయింటరు చెప్పాడు. కాసేపటికి అదీ ఆగిందన్నాడు. వంగి చూశాను.

“సార్, గిది నా పని కాదు. గీడ నేను లప్పం పెట్టలే,” అన్నాడు కింద నుంచి. “గాని సప్పుడు చిర్రుమంటున్నది. జర సూడుండ్రి.”

ముందు సీటు ఎడమ కాలు. రివెట్ల వరస పక్కన. పాత రంగు గీకి భూతద్దం పెట్టాను. బొటనవేలి గోరంత పగులు, చట్రం ఈ పక్క నుంచి ఆ పక్కకి దిగింది. రెండు రోజులు నేను దాని కిందే పడుకున్నాను, నాకు కనబడలేదు. వీళ్ళు ఆ గుర్తులు కప్పకపోయి ఉంటే, పదకొండింటికీ రేకులు కొట్టి, దర్జాగా సంతకం పెట్టేవాణ్ణి. పిల్లలు మొదట ఎగబడేది ముందు సీటుకే.

పన్నెండింటికీ రేకులు కొట్టడానికి ఎనిమిది రోజులు పట్టింది. మా కాగితంలో రెండు సంతకాల చోట్లుంటాయి, పని చేసినవాడిది ఒకటి, పరీక్షించినవాడిది ఒకటి. పని చేసినవాడి చోట నేను పెట్టాను. రెండోది మేస్త్రి పెట్టాడు. పెట్టేముందు చెయ్యి రెండుసార్లు లుంగీకి తుడుచుకున్నాడు.

తెరిచిన రోజు పిల్లలు గేటు దాకా బారు తీరారు. మొదటి పిల్ల సీట్లో కూర్చోలేదు, ఎగిరి దూకింది. మేడమ్ ఆ పిల్ల మొహం చూస్తోంది. నేను సీటు ఎడమ కాలు చూస్తున్నాను. కదల్లేదు.

సాయంత్రం ఐదుకి డ్యూటీ దిగాను. ఐదూ ముప్ఫైకి ఇల్లు. బూట్లు కడిగి ఆరబెట్టాను. మా ఆవిడ “అయిపోయిందా యుద్ధం?” అంది. అయిపోయిందన్నాను.

కానీ ఒకటి పోవడం లేదు. అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా కళ్ళ ముందుకొస్తుంది. విమానం పొట్టకి చెవి ఆనించి, అందర్నీ మాట్లాడొద్దని ఒక వేలు పైకెత్తి, కళ్ళు మూసుకొని పడుకున్న మేస్త్రి. లెక్క పదకొండు. పదకొండూ దొరికాయి. నేను లేచి వచ్చేశాను. ఆయన లేవలేదు.