టపాకీ టప్పాకీ మధ్య శంషాబాద్

నాకు శంషాబాద్‌తో గానీ, విమానాలతో గానీ, బేస్‌బాల్‌తో గానీ ఏ సంబంధమూ లేదు. ఈ మూడూ ఒకే రోజున నా నెత్తిన పడటానికి కారణం నా గొంతు. విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో పన్నెండేళ్లుగా సోషల్ చెబుతున్నాను. గొంతు జీరబోతుంటే జలుబే కదా అని వేసవంతా మిరియాల పాలు తాగి ఊరుకున్నాను. చివరికి డాక్టరుగారు గొట్టం పెట్టి చూసి, లోపల చిన్న చిన్న కాయలు కట్టాయని తేల్చారు. "ఇక మీరు మాట్లాడకండి" అన్నారు. ఎన్నాళ్లండీ అని అడగబోతే, అదిగో మళ్లీ మాట్లాడుతున్నారు అన్నట్టు పెదవుల మీద వేలు పెట్టారు. టీచరుకి ఆ మాట చెప్పడమంటే దర్జీని సూది ముట్టుకోవద్దనడమే. దసరా సెలవుల దాకా ఎలాగో నెట్టుకురమ్మనీ, ఆ తరవాత వేరే పని చూసుకోమనీ స్కూలువాళ్లు మర్యాదగానే చెప్పారు. ఆ మర్యాదకే నాకు ఏడుపొచ్చింది.

ఆ దిగుల్లో ఉండగా ఈ బ్లాగు చదివే ఒకావిడ ఒక కబురు పంపారు. సెల్‌ఫోన్లలో తెలుగు క్విజ్ నడిపే చిన్న కంపెనీ ఒకటి ఉందట, ప్రశ్నలు రాసేవాళ్లు కావాలట. ఇంట్లో కూర్చుని రాసి పంపితే చాలు, నోరు మెదపక్కర్లేదు. ఇంతకన్నా నాకు తగిన పని ఈ భూమ్మీద లేదనిపించింది. దరఖాస్తు పెట్టగానే వాళ్ల దగ్గర్నుంచి పరీక్షాంశం వచ్చింది: పంతొమ్మిదో శతాబ్దంలో డబ్బు తీసుకుని ఆడిన అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ల విశేషాలు. తెలియని సంగతిని తెలుగువాళ్లకి ఎలా చెబుతారో చూడ్డానికే ఇలాంటివి ఇస్తారట. ప్రశ్నలు తయారు చేసుకుని, విమానాశ్రయం దారిలో ఉన్న ఆఫీసుకి పదకొండింటికల్లా వచ్చి, చదివి వినిపించాలి. అదీ సంగతి. మాట్లాడక్కర్లేని ఉద్యోగం కోసం ముందు మాట్లాడాలి.

మూడు వారాలు ఇంటర్నెట్ ముందు కూర్చున్నాను. బేస్‌బాల్ బంతి ఎంత ఉంటుందో కూడా తెలియని నాకు ఆ పాతకాలపు మనుషులు భలే నచ్చారు. బౌలరు లాంటివాణ్ని బ్యాటు పట్టుకున్నవాడు "నాకు ఎత్తుగా వెయ్యి" అనో "కిందికి వెయ్యి" అనో అడిగి మరీ బంతి వేయించుకునేవాడట. చేతికి గ్లవ్ తొడుక్కుంటే పిరికివాడని నవ్వుతారని, ఒకాయన ఒంటి రంగులో కలిసిపోయే గ్లవ్ వేసుకుని దిగాడట. మైదానానికంతా ఒక్కడే అంపైరు కావడంతో, ఆయన అటు తిరగ్గానే కొందరు చుట్టూ మూలలు తాకుతూ పోకుండా మధ్యలోంచి అడ్డదారిన పరిగెత్తేవాళ్లట. అందరిలోకీ నాకు దగ్గరైనవాడు మాత్రం ఒక చెవిటి ఆటగాడు. అంపైరు అరుపు వినిపించదు కాబట్టి అతనికి చేతి సైగలతోనే తీర్పు చెప్పేవారనీ, ఇవాళ అంపైర్లు చేసే సైగలు అలాగే పుట్టాయనీ ఒక కథ. నిజమా కాదా అన్న వాదన ఇంకా తెగలేదు. నాకైతే నిజమైతే బాగుండుననిపించింది.

నన్ను ఏడిపించింది ఒక్క ప్రశ్న. ఆ రోజుల్లో పక్క గీత దాటిపోయిన బంతిని, అది నేలను ఒకసారి తాకి లేచాక పట్టుకున్నా కొట్టినవాడు ఔటే. దీన్ని తెలుగులో రాస్తే కొండవీటి చేంతాడంత వాక్యమవుతోంది. ప్రశ్న ఒక్క ఊపిరిలో చదివేటట్టు ఉండాలన్నది కంపెనీ షరతు. మామూలు మనుషుల ఊపిరికే అందని ఆ వాక్యం నా ఊపిరికి సగంలోనే తెగిపోయేది.

2012లో వినాయక చవితికి ముందు వారం బయల్దేరాను. విజయవాడ నుంచి రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి ఎల్బీ నగర్‌లో దించుతుంది. అక్కణ్నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా ఆరాంఘర్ చౌరస్తాకి సిటీ బస్సులుంటాయి, రద్దీ లేకపోతే గంటలోపే. ఆరాంఘర్ నుంచి శంషాబాద్‌కి షేర్ ఆటోలు దండిగా దొరుకుతాయి, మనిషికి పదిహేను ఇరవై రూపాయలు. కానీ షేర్ ఆటోలో పక్కవాళ్లు పలకరిస్తే జవాబివ్వకుండా ఎలా కూర్చోను? నాకు ఆ పొగరు చేతకాదు. అందుకని విడిగా ఆటో మాట్లాడుకున్నాను. రెండు వందలన్నాడు, బేరమాడితే గొంతు ఖర్చవుతుందని తలూపాను. "ఎయిర్‌పోర్టు" అన్న ఆ ఒక్క మాట తప్ప ముందు రోజు నుంచీ నోరు మెదపలేదు. ఉన్న కాస్త గొంతునీ ఆ పదకొండింటి పరీక్ష కోసం దాచుకున్నాను. అయినా మధ్య మధ్య లోపల అది ఉందో లేదో అనుమానమొచ్చి, చిన్నగా గొంతు సవరించి చూసుకునేదాన్ని. ఉంది. కాసేపటికి మళ్లీ అనుమానం.

ఆటో నడిపే మల్లేశ్‌ది అక్కడికి దగ్గర్లోనే ఉన్న బుద్వేల్. ఊరుకునే రకం కాదు. గగన్‌పహాడ్ దాటకముందే ట్రాఫిక్ ఆగిపోయింది. లారీ మీద పెద్ద వినాయకుడు వెళ్తున్నాడు, కిరీటానికి కరెంటు తీగలు అడ్డం. ఇద్దరు లారీ పైకెక్కి వెదురు కర్రలతో తీగలు ఎత్తుతుంటే, స్వామి అంగుళం అంగుళం కదులుతున్నాడు. గడియారం చూస్తే తొమ్మిది దాటింది.

"పరేషాన్ గాకు అక్కా, దేవుడు పోయినంక మనమే" అన్నాడు మల్లేశ్. "ఏ విమానం మీది?"

విమానం కాదని చెయ్యి ఊపాను.

"ఎవరన్న దిగుతున్నరా? తీస్కపోనీకి వచ్చిన్రా?"

మళ్లీ చెయ్యి ఊపాను. అతను అద్దంలో నన్ను జాలిగా చూశాడు. మాట సరిగా రాని మనిషి అనుకున్నాడని అర్థమైంది. అది భరించలేకపోయాను. ఎందుకో చెప్పలేను, చెవిటి ఆటగాణ్ని అంతగా ప్రేమించిన నేనే, నాకు మాట సరిగా రాదనుకుంటే ఉడుక్కున్నాను. "ఇంటర్వ్యూ ఉందండీ. టీచర్ని. ఖాళీ ఉన్నప్పుడు టపాలు రాస్తుంటాను" అని గుసగుసగా అనేశాను. బ్లాగులో రాసేదాన్ని మనం టపా అంటాం కదా, అలవాటుకొద్దీ వచ్చేసింది. అన్న మరుక్షణమే, దాచుకున్న గొంతులోంచి అన్ని మాటలు తగలేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

"టప్పాలా?" మల్లేశ్ ఏకంగా వెనక్కి తిరిగాడు. "టప్పాలు రాసుడేందక్కా? టప్పాలు పడ్తయి గని!"

నాకేమీ అర్థం కాలేదు. టపా కట్టేయడం ఒక్కటే గుర్తొచ్చి, పొద్దున్నే ఈ అపశకునమేమిటా అనుకున్నాను. అతను హ్యాండిల్ వదిలేసి, గాల్లో బంతి కొట్టినట్టు చూపించాడు.

"గిట్ల బాల్ కొడ్తె కింద వడి లేస్తది సూడు, గదే టప్పా. మా గల్లి క్రికెట్ల ఒక టప్పా వడ్డంక ఒక్క చేత్తోని వట్టినా ఔటే. మీ దిక్కు గట్ల ఆడరా?"

మా దిక్కు ఆడపిల్లల్ని ఆ ఆటకి రానిస్తే కదా తెలిసేది. నేను సంచిలోంచి కాగితం లాగి, నా చేంతాడు వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, "ఒక టప్పా పడ్డాక పట్టినా ఔటే" అని రాశాను. లోపల్లోపలే చదువుకున్నాను. ఒక్క ఊపిరి. ఇంకా మిగిలింది కూడా.

అంత సంతోషంలో దారి చూసుకోలేదు. తీగలు లేచి వినాయకుడు పక్కకి జరగ్గానే మల్లేశ్ రయ్యిమని పోనిచ్చాడు. ఎక్కేటప్పుడు నేను పొదుపుగా "ఎయిర్‌పోర్టు" అని ఒక్క మాటే అన్నాను కదా, అతను ఊరు దాటించి తిన్నగా విమానాల దారి పట్టించాడు. చుట్టూ పచ్చిక, ఖాళీ రోడ్డు, ఆఫీసులూ లేవు, ఇళ్లూ లేవు. వెనక నుంచి అతని భుజం తట్టి చిరునామా కాగితం చూపించాను.

"అరె, ఇది ఊర్లనే ఉన్నది గదక్కా! ముందుగాల జెప్పొద్దా!" అని, చాలా దూరం పోయి గానీ వెనక్కి తిప్పలేకపోయాడు. తిరిగొచ్చేసరికి పదిన్నర. అదనంగా ఇవ్వబోతే వద్దన్నాడు. "మంచిగ జెప్పు అక్కా, బయపడకు" అని వెళ్లిపోయాడు.

ఆఫీసు కింద ఒక టిఫిన్ బండి ఉంది. ఆకలి లేదుగానీ వేడినీళ్లు కావాలి. గ్లాసు చూపించి, గొంతు చూపించాను. బండి అమ్మ ఒక్క చూపులో గ్రహించి, "గొంతు వోయిందా బిడ్డా? జర ఉప్పేసిస్త, పుక్కిలించు" అంటూ నీళ్లు కాచి ఇచ్చింది. నీళ్లకి డబ్బు తీసుకోనంటే, మొహమాటానికి రెండిడ్లీ తిన్నాను. అప్పుడే తల మీదుగా ఒక విమానం దిగింది. బండి మీద గిన్నెలు గలగలలాడాయి. ఆవిడ ఏదో అంటోంది, పెదవులు కదులుతున్నాయి, ఒక్క మాటా వినపడలేదు. అప్పుడు తెలిసింది నాకు రాబోయే గండం. ఇవాళ నేను మాట్లాడాల్సింది ఈ మోతలో.

పైన గదిలో ఇద్దరే ఉన్నారు. ఒకాయన మా వైపు మనిషే, గుంటూరు యాస, కళ్లజోడు. ఇంకొకావిడ అక్కడి ఊరావిడే, పేరు సుజాత అని చెప్పారు. కిటికీలు మూసే ఉన్నాయి, అయినా విమానం వెళ్లిన ప్రతిసారీ అద్దాలు వణుకుతున్నాయి. మొదటి ప్రశ్న చదివాను, కోరినట్టు బంతి వేయించుకునేవాళ్ల గురించి. గొంతు గరగరలాడింది గానీ పలికింది. ఒంటి రంగు గ్లవ్ ప్రశ్నకి ఆయన చిన్నగా నవ్వారు. ఒక్కో ప్రశ్నకీ గొంతు ఒక్కో మెట్టు దిగిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. బావిలో నీళ్లు అడుగంటుతుంటే చేద తగిలే చప్పుడు వినపడుతుందే, అలా. చెవిటి ఆటగాడి ప్రశ్న సగం గాలే అయింది. ఇక టప్పా ప్రశ్న.

"ఒక టప్పా పడ్డాక పట్టినా..." వరకు చదివాను.

"టప్పా అంటే ఏమిటండీ?" అని అడిగారు గుంటూరాయన. తెలియకే అడిగారు, పరీక్షించడానికి కాదు.

నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాను. అదే సమయానికి విమానం మీదకి వచ్చేసింది. గదంతా మోత. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినపడలేదన్నట్టు ముందుకి వంగారు. అంతే, అయిపోయింది అనుకున్నాను. స్కూలూ పోయింది, ఇదీ పోయింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ భయంలో నా చెయ్యి దానంతట అదే లేచింది. లేని బంతిని కొట్టినట్టు చూపించాను. అది నేల మీద పడి లేచినట్టు వేళ్లతో ఎగరేశాను. కుర్చీలోంచి లేచి, ఒక్క చేత్తో పట్టుకున్నాను. తరవాత చూపుడువేలు పైకెత్తాను.

సుజాతగారు బల్ల మీద చరిచి ఏదో అరిచారు. మోతలో వినపడలేదు. కానీ ఆ పెదవుల మీద "ఔట్" అన్న మాట చదవడానికి చెవులక్కర్లేదు. విమానం దిగిపోయి గది నిశ్శబ్దమయ్యాక ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. "మా తమ్ముడు రోజూ కొట్లాడేటోడు సార్, రెండు టప్పాలు వడ్డయని!" అని ఆయనకి వివరించారు. నేను క్షమించమని చెప్పబోయాను. గాలే వచ్చింది. ఆవిడ నవ్వు ఆపి, నా ముందుకి తెల్లకాగితం, పెన్నూ జరిపారు.

"ఇగ మీరు మాట్లాడొద్దు మేడం," అన్నారు. "రాయుండ్రి."

డాక్టరుగారి నోట విన్న మాటే అది. ఆనాడు ఆ మాట విని ఇంటికెళ్లి తలుపేసుకుని పడుకున్నాను. ఈసారి పెన్ను అందుకున్నాను. మిగతా ప్రశ్నలన్నీ రాసిచ్చాను. మధ్యాహ్నం మెట్లు దిగేసరికి, దసరా తరవాత ఏ ప్రశ్నలు పంపాలో చెప్పిన కాగితం నా సంచిలో ఉంది. టిఫిన్ బండి అమ్మకి దూరం నుంచే చెయ్యి ఊపి, ఈసారి కడుపునిండా తిన్నాను.

తిరుగు బస్సులో కూర్చున్నాక ఒకటే ఆలోచన. అంత జాగ్రత్తగా దాచుకున్న గొంతు అవసరానికి ఆదుకోలేదు. ఆటోలో ఉక్రోషం పట్టలేక తగలేశాననుకున్న ఆ నాలుగు మాటలే ఆదుకున్నాయి. నా టపాని మల్లేశ్ సరిగ్గా విని ఉంటే నేనివాళ ఎక్కడుండేదాన్నో తెలియదు. భయం పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను, గొంతు తిరిగొస్తుందో లేదో డాక్టరుగారికే తెలియదు. కానీ చెయ్యి ఎత్తితే చదివే కళ్లు ఎదుట ఉంటాయని ఇప్పుడు తెలుసు.

ఇక అటు వెళ్లేవాళ్లకి ఒక సలహా. ఆరాంఘర్‌లో ఆటో ఎక్కేటప్పుడు "శంషాబాద్ ఊర్లోకా, ఎయిర్‌పోర్టుకా" అన్నది ముందే తేల్చుకోండి, లేకపోతే వెనక్కి తిరగడానికే బోలెడు సమయం పోతుంది. అదొక్కటీ తేల్చుకున్నాక నోరు కట్టేసుకుని కూర్చోకండి. గొంతున్నవాళ్లు కదా, డ్రైవరుతో కాసేపు మాట్లాడండి, నా వంతు కూడా.