ఆరో వేలు అబద్ధమట

ఆ పంపుల కంపెనీలో పెన్సిలక్కను తెలియనివారు లేరు. జుట్టుముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చుకుని తిరిగేది కాబట్టి ఆ పేరు. ప్రతి పంపుకీ ఒక స్పెసిఫికేషన్ పుస్తకం ఉంటుంది. ఏ మూత ఎలా విప్పాలో, ఏ చక్రం ఎటు తిప్పాలో చూపించే బొమ్మలు అందులో గీయడం ఆవిడ పని. జుట్టు నెరిసేదాకా అదే బల్ల దగ్గర కూర్చుని గీసింది. ఆవిడ గీసినంత శ్రద్ధగా వాటిని చూసిన పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ లేడు. పై అధికారులు పేజీలు తిరగేసి, బొమ్మ ఉండాల్సిన చోట బొమ్మలాంటిదేదో ఉందని తృప్తిపడి సంతకం గీకేసేవారు. మెకానిక్కులైతే పుస్తకాన్ని నూనెడబ్బా కింద పరిచి ఆవిడకే ఫోను చేసేవారు.

అలాంటి చోటికి ఏఐ ఏజెంట్లు వచ్చాయి. ఇకమీదట మెకానిక్కు ఏది అడిగినా మనిషి కాదు, ఏజెంటే జవాబు చెబుతుంది. జవాబుకు తోడు బొమ్మ కావాలంటే, స్పెసిఫికేషన్లన్నీ గాలించి సరైన బొమ్మను పైకి తీసి ఏజెంటుకు అందించే టూల్ ఒకటి కొన్నారు. దానికి చల్లటి గది, విడిగా కరెంటు లైను. నెత్తి మీద ఫ్యాను ఊగిపోతోందని పెన్సిలక్క ఎన్నాళ్లు మొత్తుకున్నా వినిపించుకోని మేనేజరు, ఆ గదిలోకి మాత్రం చెప్పులు విప్పి మరీ వెళ్లేవాడు. ఆవిడ దానికి కొత్తల్లుడని పేరు పెట్టింది.

కొత్తల్లుడు వచ్చిన వారంలోనే అలిగాడు. చేయి ఉన్న బొమ్మ ఒక్కటి కూడా ఏజెంట్లకు ఇవ్వనని భీష్మించుకున్నాడు. ఎప్పుడు అడిగినా తెర మీద అదే జవాబు: "చేతికి ఆరు వేళ్లున్నాయి. వేళ్ల లెక్క తప్పేది ఏఐ గీసే బొమ్మల్లోనే. ఇది యంత్రం కల్పించిన బొమ్మ. నమ్మదగినది కాదు."

మేనేజరు ఆవిడను పిలిపించాడు.

"ఏంటమ్మా, మాకు తెలియకుండా ఏఐతో బొమ్మలు గీయిస్తున్నారా?"

"అవి గీసేనాటికి మన ఆఫీసులో కాలిక్యులేటరే కొత్త సార్."

"మరి ఈ ఆరు వేళ్లేంటి?"

"మా నాన్న చెయ్యి సార్ అది. ఆయనకి ఆరే."

మేనేజరు ఆవిడ వైపు జాలిగా చూశాడు. "అంత ఖరీదైన మిషను ఊరికే అంటుందా? సోమవారానికల్లా ఆ వేలు చెరిపేయండి. కాదంటే మీ బొమ్మలన్నీ తీసేసి, ఏఐ చేతే కొత్తవి గీయిస్తాం."

యంత్రం గీసిందన్న అనుమానంతో మనిషి బొమ్మలు తీసేసి, వాటి స్థానంలో యంత్రం చేత గీయించడం! అంతటి తెలివి మేనేజర్లకే చెల్లుతుంది.

పెన్సిలక్క తండ్రి ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. కుడిచేతి చిటికెన వేలి పక్కన ఆయనకు ఇంకో బుల్లి వేలు. బళ్లో మొదలైన వెక్కిరింపులకు జడిసి, పనిలో లేనప్పుడల్లా ఆ చేతిని జేబులోనే ఉంచుకున్నాడు. పెళ్లి ఫోటోలో కూడా అది జేబులోనే ఉంది. కూతురు ఉద్యోగంలో చేరిన కొత్తలో చేయి గీయడం కుదరక, ఆయన్ని వంటింటి బల్ల ముందు కూర్చోబెట్టి, సీసా మూత పట్టుకోమని చెప్పి చూసి గీసుకునేది. "ఐదే వెయ్యి" అనేవాడాయన. "అలాగే నాన్నా" అంటూనే ఆరూ వేసేది. ఏ ఫోటోలోనూ లేని ఆ చేయి ఎక్కడో ఒకచోటైనా ఉండాలని ఆవిడ ఆశ. ఇప్పుడు చెరిపితే అది ఇక ఎక్కడా ఉండదు.

ఇంటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. తండ్రి కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"ఐదే వేస్తానన్నావు కదే! దీన్ని కోసెయ్యమని చిన్నప్పుడు డాక్టరు కాళ్లు పట్టుకున్నాను. నువ్వేమో అచ్చేయించి ఊరంతా పంచావా?"

ఆ తర్వాత ఆయన కూతురితో మాటలు మానేశాడు. ఆవిడకు ఏడుపొచ్చింది. ఆయనకే ఇష్టం లేనప్పుడు ఎవరి కోసం ఉంచడం అనుకుని, సోమవారం ఆఫీసులో మొదటి బొమ్మ కంప్యూటర్లో తెరిచింది. చెరపబోతుండగా పక్కనెవరో నిలబడ్డట్టనిపించి తలెత్తి చూస్తే తండ్రి. చేయి జేబులోనే ఉంది.

"ఏదీ, చెరిపేముందు నన్నోసారి చూడనీ."

ఆవిడ ఒక్కొక్క బొమ్మే తీసి చూపించింది. చక్రం తిప్పుతున్న చేయి, మూత ఎత్తుతున్న చేయి, బోల్టు బిగిస్తున్న చేయి. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నా చెయ్యి ఇంత పొందిగ్గా ఉంటుందటే?"

"ఉంటుంది నాన్నా. నువ్వెప్పుడు చూసుకున్నావు గనక?"

ఆయన నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి, జేబులోంచి చేయి తీసి బల్ల మీద పరిచాడు. మేనేజరు వేళ్లు లెక్కపెట్టాడు. నమ్మకం కుదరక రెండోవైపు నుంచి కూడా లెక్కపెట్టాడు. ఎంతైనా పైవాళ్లకు ఆధారం కావాలి గనక ఫోనుతో ఫోటో తీసి కొత్తల్లుడికి పంపాడు. జవాబు ఇట్టే వచ్చింది: "ఇది యంత్రం కల్పించిన బొమ్మ. నమ్మదగినది కాదు."

మేనేజరు చేతిని చూశాడు, తెరను చూశాడు. ఏది నిజమో పైవాళ్లను కనుక్కుని చెబుతానన్నాడు.

పెద్దాయన పగలబడి నవ్వాడు. "మీ మిషన్ని ఏమీ అనకండి బాబూ. బతుకంతా నేనూ ఇది లేదనే చెప్పాను. దానిదీ నా బుద్ధే." తర్వాత కూతురి వైపు తిరిగాడు. "ఒక్క గీత చెరిపావో, ఊరుకోను."

వేళ్లు లెక్కపెట్టడం దాని పని కాదని మధ్యాహ్నానికల్లా కొత్తల్లుడికి పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆ ఆర్డరు తెప్పించిన ఘనత మేనేజరు తన ఖాతాలో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం బస్సులో తండ్రీకూతుళ్లకు సీటు దొరకలేదు. ఆయన పైకడ్డీని కుడిచేత్తో పట్టుకున్నాడు. ఎదుటి సీట్లో ఒకావిడ దొంగచూపులు చూస్తూ వేళ్లు లెక్కపెడుతోంది. పాపం, ఆవిడకు సరిగా కనబడటం లేదేమోనని ఆయన చేతిని ఇంకాస్త దగ్గరికి జరిపాడు.