మర్యాదకు అన్న మాట

బస్సు డిపో వర్క్‌షాపులో ఆయనను అందరూ సున్నా మాస్టారు అనేవారు. బస్సుల నుదుటి మీద రూటు నంబర్లు రాయడం ఆయన పని. అచ్చు పెట్టకుండా, ముందుగా పెన్సిలుతో గీసుకోకుండా, కుంచెను ఒక్క ఊపున తిప్పి సున్నా చుట్టేవారు. అది ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో ఎంత వెదికినా దొరికేది కాదు. కొత్తగా చేరిన మెకానిక్కులకు ఫోర్‌మన్ ఆయనను చూపించి, "ఈయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసేది సున్నా. అయినా జీతమిస్తున్నాం" అని పరిచయం చేసేవాడు. మాస్టారు ప్రతిసారీ నవ్వేవారు. నవ్వకపోతే ఫోర్‌మన్ చిన్నబుచ్చుకుంటాడేమోనని ఆయన భయం.

ఆయన జీవితమంతా ఆ భయం మీదే నడిచింది. దాని పేరు మొహమాటం. కూరగాయల దుకాణంలో తాను ఏరుకున్న వంకాయలను పక్కకు నెట్టి పుచ్చులు తూకంలో వేస్తున్నా చూడనట్టు ఊరుకునేవారు. ఒకసారి కళ్ళెదుటే ఎవరో తన గొడుగు పట్టుకుపోతుంటే "అది నాదండీ" అనలేక, వానలో తడుస్తూ ఇల్లు చేరారు.

"అడిగితే పాపం ఆ దొంగకి జలుబు చేస్తుందనుకున్నారా?" అంది భార్య, తువ్వాలు అందిస్తూ. "మిమ్మల్ని కాదు, మీ మొహమాటాన్ని కట్టుకున్నాను నేను. ఇంట్లో పెత్తనమంతా దానిదే."

ఆ మొహమాటం గొడుగుతోనూ వంకాయలతోనూ సరిపెట్టుకుని ఉంటే ఆయన గురించి చెప్పుకోవలసింది ఏమీ ఉండేది కాదు.

ఒకనాడు నిచ్చెన మీద నిలబడి నంబరు రాస్తుండగా, ఛాతీలో పిట్ట ఒకటి ఇరుక్కుని రెక్కలు కొట్టుకుంటున్నట్టు అనిపించింది. కళ్ళు బైర్లు కమ్మాయి. పెద్దాసుపత్రిలో పరీక్షలన్నీ చేసి, గుండె జబ్బుల డాక్టరు ఆ జబ్బును ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారని చెప్పి, ఆయనకు అర్థమయ్యేలా విడమరిచారు. "గుండెలో పై గదులు కుదురుగా కొట్టుకోవడం మానేసి వణుకుతున్నాయండీ. అలా వణికే చోట రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు. గడ్డ కట్టకుండా ఒక మాత్ర ఇస్తాను. అది కాక, లయను నిలబెట్టే కొత్త మందు మీద ఇక్కడ పరిశోధన జరుగుతోంది. ఇష్టమైతే చేరవచ్చు."

ఆ పరిశోధన వ్యవహారాలు చూసే అమ్మాయి ఆయనకు కుర్చీ వేసి, టీ తెప్పించి, "బాబాయ్ గారూ" అని పిలిచింది. వచ్చినవాళ్ళలో సగంమందికి అసలు మందున్న గొట్టం మాత్రా, సగంమందికి అలాగే కనిపించే ఉత్త పిండి గొట్టమూ ఇస్తారనీ, ఎవరికి ఏది అందిందో డాక్టరుకు కూడా తెలియదనీ చెప్పింది. కాగితాలన్నీ చదివి వినిపించింది. చివర, "ఇది పూర్తిగా మీ ఇష్టం బాబాయ్ గారూ. చేరాక కూడా ఎప్పుడైనా మానేయొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. మీ వైద్యానికి ఏ లోటూ రాదు" అంది.

మాస్టారు ఆ మాటను తమ ఇంటి పద్ధతిలో అర్థం చేసుకున్నారు. వెళ్ళడానికి లేచిన అతిథిని "అప్పుడేనా, ఇంకాసేపు కూర్చోండి" అంటాం. అతడు నిజంగా కూర్చుండిపోతే మన ముఖం చూడాలి! "ఎప్పుడైనా మానేయొచ్చు" అన్నది కూడా ఆ కోవకు చెందిన మాటే అనుకున్నారాయన. చదువుకున్న పిల్ల కనుక మర్యాదకు అంది. ఆ మర్యాద నిలబెట్టడం ఇక తన వంతు.

సంతకం చేశారు. చట్టం దృష్టిలో ఆ సమ్మతిలో ఏ లోపమూ లేదు. వివరించారు, సందేహాలు అడగమన్నారు, ఒత్తిడి చేయలేదు, బయటికి పోయే తలుపు ఎక్కడుందో చూపించారు. ఆయన మాత్రం దాన్ని గోడ మీద రాసిన బొమ్మ తలుపు అనుకున్నారు.

ఛాతీలో పిట్ట త్వరలోనే సద్దుమణిగింది. ఈసీజీ చూసి డాక్టరు తృప్తిగా తలాడించారు. అయితే గుండెలో తగ్గిన వణుకు చేతిలోకి దిగింది. ముందు కప్పూ సాసరూ గలగలలాడాయి. ఆ తరువాత కుంచె. ఒక్క ఊపున తిరగవలసిన సున్నాకు నడుమ పంటిగాటు వంటి వంకర పడసాగింది. ఎడమచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకున్నారు. అదీ చాలక, ఎవరూ లేని సమయం చూసి అట్ట కత్తిరించి అచ్చు చేసుకున్నారు.

ఫోర్‌మన్ చూడనే చూశాడు. "ఏంటి మాస్టారూ, సున్నాకి అచ్చా? మీకా?"

"కళ్ళు సరిగ్గా ఆనడం లేదయ్యా."

"కళ్ళజోడు పెట్టుకోండి మరి. అచ్చు పెట్టి రంగు పూయడం ఇక్కడ ఎవడికైనా వచ్చు. పైవాళ్ళు అడిగితే మిమ్మల్ని ఏ పేరు చెప్పి ఉంచను? బస్సులు కడిగే షెడ్డుకి పంపేయమంటారు." అతని గొంతులో వెటకారం లేదు. అందువల్లే మాస్టారికి మరింత గుచ్చుకుంది.

ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ ఆ అమ్మాయి నవ్వుతూ అడిగేది. "ఎలా ఉన్నారు బాబాయ్ గారూ? మందుతో ఏమైనా ఇబ్బందా?"

"బాగానే ఉందమ్మా."

"ఒక్కసారి కూడా రావడం తప్పలేదు మీరు. మీలాంటివాళ్ళు ఇంకో నలుగురుంటే నాకు తలనొప్పే ఉండదు."

ఆ మాట తరువాత ఇంకేం చెప్పగలరు? టీ తెస్తే మాత్రం, ఇప్పుడే తాగి వచ్చానని తప్పించుకునేవారు.

ఇంట్లో భార్య ఊరుకోలేదు. "మానేస్తానని చెప్పండి. నోట్లో నాలుక లేదా?"

"ఎలా చెప్పను? ఆ పిల్ల నోరారా బాబాయ్ అంటుంది."

"అయితే ఆస్తి రాసిచ్చేయండి! ఆ గొట్టంలో ఉత్త పిండే ఉండొచ్చని వాళ్ళే చెప్పారుగా. పిండి దగ్గర కూడా మొహమాటమేనా?"

"పిండయితే చెయ్యి వణకదే."

ఆవిడ ఆయన చేతి వంక చూసింది. మాస్టారు తల దించుకుని అన్నారు. "మానేస్తే ఆ పిట్ట మళ్ళీ వస్తుంది. గుండె కావాలా, చెయ్యి కావాలా అంటే ఏం చెప్పమంటావ్?"

"ఆ ప్రశ్న నన్నడుగుతారేంటి? అక్కడ అడగండి." కాసేపటికి మళ్ళీ తనే, "రెండూ కావాలని అడగండి. అడిగితే ఏం పోతుంది?" అంది.

తరువాత ఆసుపత్రికి వెళ్ళిన రోజు వరండాలో బెంచీ నిండా అవే గొట్టాలు మింగేవాళ్ళు. అమ్మాయి టీ ట్రేతో వచ్చింది. ఒక పొడుగాటి మనిషి వద్దన్నాడు. శాలువా కప్పుకున్న పెద్దావిడ వద్దంది. మాస్టారూ వద్దన్నారు. ట్రే వచ్చినట్టే తిరిగి వెళ్ళింది.

పెద్దావిడ ఆయన వైపు ఒరిగి, "లోపల మీరేం చెబుతారు బాబూ?" అని గుసగుసగా అడిగింది.

"బాగానే ఉందంటానండీ."

"నేనూ అంతే. పాపం, ఆ పిల్ల ఎంత బాగా చూసుకుంటుందో! ఉన్నవీ లేనివీ చెప్పి దాని మనసెందుకు కష్టపెట్టడం?" ఉక్కగా ఉన్న ఆ వరండాలో, గాలి లేకుండానే, ఆవిడ చేతుల దగ్గర శాలువా అల్లల్లాడుతోంది.

మాస్టారు అది చూశారు. ఆయన చూడడం ఆవిడా గమనించింది. ఇద్దరూ చెరో వైపుకు తిరిగారు.

ఆయన వంతు వచ్చింది. గదిలో డాక్టరు కూడా ఉన్నారు. ఉత్సాహంగా కనిపించారు. "రండి మాస్టారూ. మీ గుండె లయ చక్కగా ఉంది. మిగతా ఆసుపత్రుల్లో కొంతమంది చేతులు వణుకుతున్నాయని చెప్పారట. మన దగ్గర ఒక్కరూ చెప్పలేదు. మోతాదు పెంచినా ఫర్వాలేదేమో అని మన తరఫున మందు కంపెనీకి రాస్తున్నాం."

అమ్మాయి కలం తీసింది. "ఎలా ఉన్నారు బాబాయ్ గారూ? మందుతో ఏమైనా ఇబ్బందా?"

"బాగానే..." అని నోరు అలవాటు కొద్దీ మొదలుపెట్టింది. ఆయన ఆపారు. తాను మర్యాదకు అన్న మాటను వీళ్ళు నిజమని రాసుకుంటున్నారు. దాన్ని బట్టి మోతాదు పెరుగుతుంది. బయట శాలువా ఇంకా గట్టిగా అల్లల్లాడుతుంది. తాను ఎన్నడూ చూడని మనుషులు ఎక్కడో కప్పు ఎత్తలేక టీ వద్దంటారు.

"లేదమ్మా. బాగాలేదు."

చేతులు రెండూ బల్ల మీద పెట్టారు, పట్టుకోకుండా వదిలేశారు. బల్ల మీది కలాల డబ్బా చిన్నగా గలగలలాడింది.

"ఎప్పటినుంచి?" అన్నారు డాక్టరు.

"రెండోసారి వచ్చినప్పటి నుంచండీ."

"ప్రతిసారీ అడిగాను కదా!" అమ్మాయి గొంతు పెరిగింది. "మానేయాలనుకుంటే మానేయొచ్చని మొదటిరోజే చెప్పాను కదా!"

"చెప్పావమ్మా. మర్యాదకి అన్నావనుకున్నా."

డాక్టరుకు నవ్వు రాబోయి ఆగిపోయింది. అమ్మాయి కలం మూసి, తెరిచి, మళ్ళీ మూసింది. "టీ మానేసినప్పుడే నాకు అనుమానం వచ్చింది సార్" అంది డాక్టరుతో. "గుచ్చి గుచ్చి అడిగితే ఈయన నొచ్చుకుంటారేమోనని..."

చెప్పేస్తే విడుదల అనుకున్నారు మాస్టారు. అలా జరగలేదు. మందు ఒక్కసారిగా ఆపితే లయ ఎక్కువగా తప్పవచ్చునట. కొద్దికొద్దిగా తగ్గించాలి. ఇకమీదట మునుపటికంటే తరచుగా రావాలి. వేరే మందులున్నాయి కాని, అవి ఆయనకు సరిపడతాయో లేదో వాడి చూడాలి.

"గుండె, చెయ్యి... రెండూ కావాలండీ నాకు" అన్నారు మాస్టారు. జీవితంలో తొలిసారిగా ఒకరిని ఏదో అడిగినందుకు ఆయన ముఖం ఎర్రబడింది.

"ప్రయత్నిద్దాం. వణుకు తగ్గొచ్చు. తగ్గుతుందని మాత్రం ఇప్పుడు మాట ఇవ్వలేను."

"ఇంకోసారి ఈసీజీ తీయాలి, పిలిచేదాకా బయట కూర్చోండి సార్" అంది అమ్మాయి. ఆ "సార్" ఆయనకు తగిలింది. ఇన్నాళ్ళూ భయపడింది దీనికే. తగిలాక కూడా తాను నిలబడే ఉన్నందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది.

బెంచీ మీద ఆయన కూర్చోగానే పెద్దావిడను పిలిచారు. ఆవిడ శాలువా దగ్గరగా లాక్కుని లోపలికి వెళ్ళింది. తలుపు సగమే పడింది.

లోపలి నుంచి అమ్మాయి గొంతు వినిపించింది. "పెద్దమ్మా, ఎలా ఉన్నారని ఈసారి అడగను. ఆ శాలువా పక్కన పెట్టి, ఒక్కసారి చేతులు ముందుకి చాపండి."

"ఎందుకు తల్లీ, నాకు బాగానే..."

"చాపండి పెద్దమ్మా."

సగం తెరిచిన తలుపులోంచి, శాలువా బల్ల మీదికి చేరడం కనిపించింది. ఆపైన పెద్దావిడ ఏదో మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. ఈసీజీకి మాస్టారిని పిలిచేసరికి కూడా ఆపలేదు.