బయల్దేరిన చోటికి తిరిగి రావడం

పొద్దున ఆఫీసులో నేను రాసిన ప్రోగ్రామ్ నా పరువు తీసింది. అది బయల్దేరిన ఫోల్డర్ పేరు రాసుకుని, పనిమీద ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్ళింది. తిరిగొచ్చి మొదటి ఫోల్డర్‌లోని పనికిరాని ఫైళ్ళు తుడవాలి. ఈలోగా ఎవరో మొదటి ఫోల్డర్ పేరు మార్చారు. వెనక్కి రాలేకపోయిన సంగతి కూడా చూసుకోకుండా, ఉన్నచోటనే ఫైళ్ళన్నీ తుడిచేసింది.

మధ్యాహ్నం పెదనాన్నతో కర్నూలు సమాధుల తోటకు వెళ్ళాను. ఈస్టరుకు ముందు మా నాయనమ్మ సమాధికి సున్నం కొట్టాలి. ఆమె పోయి దశాబ్దాలైంది, రాతి మీద పేరు ఎప్పుడో అరిగిపోయింది. సున్నం కలపడానికి నీళ్ళు తేవాలని నేను కూడా కదిలితే పెదనాన్న ఆపాడు.

“నువ్వు ఈడనే నిలబడు. నీళ్ళు నేను తెస్తా.”

“సమాధి నంబరు రాసుకున్నా కదా పెదనాయనా, ఇద్దరం పోదాం.”

“నంబర్లు మారుస్తానే ఉంటారప్పా. సున్నం కొట్టినంక అన్నీ ఒగే మాదిరి ఉంటాయి. పోయిన ఏడు ఒక్కణ్ణే వచ్చి, నీళ్ళకు పోయొచ్చి, వేరేవాళ్ళ సమాధికి కొట్టిపోయినా.”

ఎండలో కదలకుండా నిలబడ్డాను. ఆయన బకెట్‌తో నేరుగా నా దగ్గరికే నడిచొచ్చాడు. సున్నం కలుపుతూ, “సగం మీ పెద్దమ్మ సమాధికి ఉంచు” అన్నాడు.

సాయంత్రం ప్రోగ్రామ్ మార్చాను. ఇప్పుడది బయల్దేరిన ఫోల్డర్‌ను తెరిచి పట్టుకుని, తిరిగొచ్చాకే వదులుతుంది. అలా పట్టుకోనివ్వని మెషీన్లలో మాత్రం పేరు రాసుకుంటుంది, వెనక్కి రాలేకపోతే దేన్నీ ముట్టకుండా ఆగిపోతుంది.

పదేళ్ళ అనుభవమున్న ఇంజనీరుని, ఈ మాత్రం సమాధుల తోటలో నేర్చుకున్నాను. రెండేళ్ళ కిందటి దాకా ఏటా ఆ ఎండలో నిలబడింది పెద్దమ్మేనని కూడా ఇప్పుడే తట్టింది. మీ ఇంట్లో అలా నిలబడేది ఎవరు?