బావి ఉన్న ఇల్లు

పాత ఇల్లు కొనడానికి వెళ్ళిన మగవాళ్ళు ఇల్లు చూడరు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. బ్రోకరు గారు టేపు తీసి ప్రహరీ పొడుగు కొలిచారు. మా ఆయన రోడ్డు వెడల్పు చూశారు. ఆ తర్వాత ఇద్దరూ కొబ్బరిచెట్ల కింద కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు. "ఇల్లు ఎటూ పడగొట్టేదే కదండీ, లోపలికెళ్ళి చూసేదేముంది?" అన్నారు బ్రోకరు గారు. నాకు ఒళ్ళు మండింది. పడగొడతామని ఎవరు చెప్పారు? ఉండాలనుకున్నది నేను.

అమలాపురం బజారులో మా కిరాణా కొట్టు. దాని పైన రెండు గదుల్లో మా కాపురం, పెళ్ళయిన దగ్గర్నుంచీ అక్కడే. తులసికోట కట్టుకుందామన్నా జానెడు నేల లేదు. నేనేమీ మేడలు అడగలేదు. సొంత బావి, నాలుగు మొక్కలు. ఆ రెండిటి కోసమే సముద్రం వైపున్న ఈ ఊరిదాకా వచ్చాను. మండువా పెంకుటిల్లు, వెనక అరెకరం దొడ్డి, దొడ్డి మధ్యలో గట్టు అరిగిన పాత బావి. చూడగానే మనసు పారేసుకున్నాను, అబద్ధం ఎందుకు?

"మా బావి నీళ్ళు కొబ్బరినీళ్ళేనండి, ఆయ్!" అంటూ ఇంటాయన స్టీలు గ్లాసు అందించారు. తాగాను. నిజంగానే తియ్యగా ఉన్నాయి.

అయినా మా అమ్మ నేర్పిన పద్ధతి వదల్లేదు. మా ఇళ్ళలో కొత్త ఊరికి పిల్లనివ్వాలన్నా ముందు అడిగేది ఒకటే: అక్కడి నీళ్ళలో కందిపప్పు ఉడుకుతుందా? ఉప్పు నీళ్ళలో పప్పు మెత్తబడదు. మనుషులు మొహమాటానికి ఏదో ఒకటి చెబుతారు గానీ పప్పుకి మొహమాటం లేదు. అందుకే మా కొట్లో పప్పే గుప్పెడు పొట్లం కట్టుకొచ్చాను.

వంటింట్లో ఇంటావిడ బిందె చూపించి "ఇందులోవి పొయ్యండమ్మా" అన్నారు. నేను బావి దగ్గరికే వెళ్ళి చేదుకొచ్చాను. ఆవిడ ముఖం వాడిపోయింది. "పోనీ కుక్కర్లో పెట్టండి, ఎలాంటి పప్పయినా ఉడికిపోద్ది" అన్నారు. వినకుండా గిన్నెలోనే పెట్టాను. ఈలోగా ఇల్లంతా తిరిగి చూశాను. టేకు దూలాలు చెక్కుచెదరలేదు. అలాంటి తలుపులు చేసేవాళ్ళు ఇప్పుడు లేరు. కానీ గోడల అడుగున కొత్తగా వేసిన సున్నం ఉబ్బి, వేలితో గీకితే పొడి రాలింది. దొడ్లో పెద్ద కరివేపాకు చెట్టు నిలువునా ఎండిపోయి ఉంది. నా మనసు అప్పుడే కీడు శంకించింది.

తిరిగొచ్చేసరికి నీళ్ళు సగానికి మరిగాయి. పప్పు మాత్రం గులకరాళ్ళలా అడుగున కూర్చుంది. ఆ నీళ్ళు చల్లార్చి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు! మరి నేను తాగినవేంటి? వంటింటి తలుపు వెనక నీలం రంగు నీళ్ళ క్యాన్లు వరసగా కనిపించాయి.

"వెనకాల రొయ్యల చెరువు తవ్వి ఉప్పు నీళ్ళు పెట్టిన కాణ్ణించీ ఇంతేనమ్మా" అన్నారావిడ గొంతు తగ్గించి. "బావి నీళ్ళు కాళ్ళు కడుక్కోడానికే."

"ఎవరిదండీ ఆ చెరువు? మీరెలా ఊరుకున్నారు?"

ఆవిడ పొయ్యి ఆర్పేశారు. "మాదేనమ్మా" అన్నారు.

తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందని ఊరికే అనలేదు. తాతలు తవ్విన బావిని చేతులారా చంపుకోవడం ఒకటి, చుట్టుపక్కల వాళ్ళ నోట్లో ఉప్పు కొట్టడం ఒకటి. పైగా గోడలకి సున్నం పూసి, క్యాను నీళ్ళు గ్లాసులో పోసి ఆ ఇంటిని నాకు అంటగట్టడమా! గిన్నె చీరకొంగుతో పట్టుకుని విసవిసా బయటికి నడిచాను. కొబ్బరిచెట్ల కింద మా ఆయన పక్కనే కూర్చున్న ఇంటాయన ముందు ఠపీమని పెట్టాను.

"ఇవేనాండీ మీ కొబ్బరినీళ్ళు? ఆ చెరువు మీదేనటగా!"

ఆ పెద్దమనిషి తల దించుకుంటాడనుకున్నాను. నవ్వాడు. "నీళ్ళదేముందమ్మా, ఫోన్ చేస్తే క్యాను గుమ్మంలో పెట్టి పోతారు."

ఇప్పుడు మా ఆయన అందుకుంటారు, గట్టిగా కడిగేస్తారు అని చూశాను. మా ఆయన కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు.

"చెరువు మీద బాగానే మిగులుద్దాండీ? ఇంటితో కలిపి ఇచ్చేస్తారా ఏంటి?"

నేను వెళ్ళి బండి దగ్గర నిలబడ్డాను. తిరిగొచ్చే దారి పొడుగునా రెండు వైపులా రొయ్యల చెరువులే. ఇంతకుముందు ఎన్నిసార్లు ఆ దారిన వెళ్ళానో, ఏనాడూ నాకు కోపం రాలేదు. అమలాపురంలోకి వస్తుండగా మా ఆయనే వెనక్కి తిరక్కుండా అడిగారు.

"ఎందుకంత కోపం నీకు? మనింట్లో తాగేదీ క్యాను నీళ్ళే కదా."

"అందుకే కదండీ," అన్నాను, "నేను బావి అడిగింది."