పెద్దమామా పాట, మా నాన్న సెగ

నిన్న ఉమ్మ్ అల్ హస్సామ్‌లో కరివేపాకు కొందామని కొట్టుకెళ్తే, రేడియోలో మా పెద్దమామా పాట! కట్ట చేతిలో పట్టుకుని పాట అయ్యేదాకా కదల్లేదు. బేరానికి నిలబడ్డాననుకుని కొట్టు భాయ్ తనంతట తానే ఇంకో కట్ట వేశాడు. నేనూ కాదనలేదు.

మామా అంటే మన మామయ్య కాదు. ఇక్కడ అరబ్బుల ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళం యజమానురాల్ని అలా పిలుస్తాం. బుసైతీన్‌లో ఆవిడ ఇంట్లో తొమ్మిదేళ్ళు వండిపెట్టాను. ఆవిడ అరబ్బీ పెళ్ళిపాటల గాయని. ఒకప్పుడు ఆవిడ ఖాళీ కనుక్కున్నాకే జనం పిల్ల పెళ్ళికి రోజు పెట్టుకునేవారట. చేపల బజారుకు వెళ్తే ముసలమ్మలు దారికడ్డంపడి ముద్దులు పెట్టేవారు. ఈలోపు సంచిలో చేపలు మెత్తబడేవి, నాకు ఒళ్ళు మండేది. తరవాత పెళ్ళిళ్ళకు స్పీకర్లు, రికార్డు పాటలు వచ్చాయి. ఫోను మోగడం మానేసింది. ఇల్లంతా నేనే తుడిచినా ఆ ఫోను మీద దుమ్ము మాత్రం తనే తుడుచుకునేది.

రెండేళ్ళకు ఒక్క పిలుపు వచ్చింది. ఆ పెళ్ళికూతురి తల్లి పెళ్ళిలోనూ ఈవిడే పాడిందట. "ఇది కూడా చెడితే ఖలాస్, ఇంక పాడను," అంది దారిలో. తీరా హాల్లోకి వెళ్తే, సముద్రపు చెమ్మకూ ఏసీ చలికీ వాయిద్యాల తోలు సాగిపోయి ఉంది. అవి మామా వెనక ఆడవాళ్ళు వరసగా కూర్చుని చేత్తో వాయించే గుండ్రటివి, మన డప్పుకు చెల్లెళ్ళు. కొడితే తడిబట్ట మీద కొట్టినట్టుంది. వాటిని సెగకు కాచే ముసలావిడ మోకాళ్ళ నొప్పులతో రాలేదు. ఎవరో అప్పుడే రికార్డు పాటలు పెడదామని స్పీకర్ల వైర్లు విప్పుతున్నారు. మామా ముఖం చూడలేకపోయాను.

వాయిద్యాలు ఎత్తుకుని వంటగది వెనక్కి వెళ్ళాను. అక్కడ ధూపానికి రాజేసిన బొగ్గులున్నాయి. "మద్దెన కాదే పిచ్చిమొకమా, అంచులు ముందు కాగాల. ఏలుతో కొట్టి ఇను, అదే సెప్పుద్ది," అనేవాడు మా నాన్న. మా గోదావరి పల్లెలో ఆయన డప్పులు కాచేది నేనే. చేతులు మరిచిపోలేదు. ఒక్కోటీ ఖంగుమంది.

"ఎవరు నేర్పారే?" అంది వెనకే వచ్చిన మామా. శుక్రవారాలు కలిసే మనవాళ్ళందరికీ మా నాన్న రైతని చెప్పుకునేదాన్ని. డప్పు అనగానే కులం లెక్క తేల్చేస్తారని భయం. ఆ అబద్ధమే నోటిదాకా వచ్చింది. "మా నాన్న. డప్పు కొట్టేవాడు," అన్నాను. మామా నా నుదుట ముద్దుపెట్టి, "డప్పు కొట్టేవాడి బిడ్డవి, వంటగదిలో ఏం పని? యల్లా, మా వరసలో కూర్చో," అంది. నాకు ఏడుపొచ్చింది. పొగ అన్నాను.

ఆవిడ పాడింది. రెండో పాటకు హాలంతా లేచింది. వైర్లు ఎవరు చుట్టేశారో కూడా చూసుకోలేదు. వరస చివర కూర్చుని నేనూ వాయించాను. రెండుసార్లు తాళం తప్పాను కూడా. ఆ తరవాత మూడేళ్ళు ఆ ఫోనుకు దుమ్ము పట్టే తీరిక లేకపోయింది.

ఇప్పుడావిడ లేదు, గొంతు రేడియోలో ఉంది. మా నాన్నకు ఆ భాగ్యమూ లేదు. ఫలానావాడి కూతుర్నని నేను నోరు తెరిచి చెప్పేసరికే ఆయన పోయి నాలుగేళ్ళు. కాచిన తోలు చల్లారేలోపే వాయించాలని ఆయన నేర్పాడు. ఆయన కూతుర్నన్న ఆ ఒక్క మాటా నేను వేళకు చెప్పలేకపోయాను.